రెండు ఇళ్ల మధ్య ఉత్తరం: రచయితల చేతిరాత లేఖలను సేకరించే పద్ధతి

పేరున్న రచయిత రాసిన ఉత్తరాల కోసం నేరుగా ఆ రచయిత ఇంటికే వెళ్లేవారు ఎక్కువ. అక్కడ దొరికేవి మాత్రం చాలావరకు ఆయనకు ఇతరులు రాసినవి. ఆయన రాసినవి టపాలో పడి ఏ ఊరికి చేరాయో ఆ ఊళ్లో, ఎవరి పేర చేరాయో వారి వారసుల ఇంట్లో ఉంటాయి. ఇద్దరు రచయితల మధ్య నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలను సేకరించాలనుకునేవారు ఈ సంగతిని మొదటే మనసులో నాటుకోవాలి. ఎందుకంటే ఒక్క వైపు ఉత్తరాలు ఎన్ని పోగుచేసినా అవి సగం మాటలుగానే మిగిలిపోతాయి. మీరు సూచించినట్లే ఆ పద్యాన్ని దిద్దాను అని ఒక కార్డులో ఉందనుకోండి. ఆ దిద్దుబాటు ఏమిటో, దాన్ని ఏ మాటల్లో సూచించారో రెండో ఇంట్లోని కాగితమే చెప్పాలి. ఆ రెండు కాగితాలను పక్కపక్కన చేర్చడమే సేకర్త చేయవలసిన అసలు పని అని నా నమ్మకం. మహాకవి సంతకం ఉన్న విడి కార్డు కంటే, ఒక బడిపంతులుకూ ఒక పత్రికా సంపాదకుడికీ మధ్య ఏళ్ల తరబడి నడిచిన ఉత్తరాల జత సాహిత్య చరిత్రకు ఎక్కువ ఉపకరిస్తుంది.

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ప్రాంతంలో ఈ పని త్వరగా జరగవలసి ఉంది. 1922లో షబ్నవీసు వెంకటరామనరసింహారావు నల్లగొండ నుంచి నీలగిరి పత్రికను నడిపారు. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడులో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రికను ప్రారంభించారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా ఆయన 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులకు చోటు దొరికింది. వారిలో అప్పటికి జీవించి ఉన్నవారి నుంచి పద్యాలూ వివరాలూ తెప్పించుకోవడం టపా లేకుండా సాగే పని కాదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు పండితులను ఆదరించాయి. తిరుపతి వేంకటకవులు ఈ సంస్థానాల్లో కొన్నింటికి వచ్చి అవధానాలు చేసి సన్మానాలు పొందారు. అలంపురంలో పండితుడు గడియారం రామకృష్ణశర్మ, చండూరులో సాహితీమేఖల అనే సాహిత్య సంస్థను నడిపిన అంబటిపూడి వెంకటరత్నం, మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు, ఇలా ఉత్తరాలు వచ్చి చేరిన చిరునామాలు ఈ నేల మీద చాలా ఉన్నాయి. ఆ ఉత్తరాలను అందుకున్నవారి మనుమల తరం ఇప్పుడు ఇళ్లు కూల్చి కొత్తవి కట్టుకుంటున్నది. అటక మీది సందుగ కిందికి దిగే సమయం అదే, చిత్తు కాగితాల బండికి ఎక్కే సమయమూ అదే.

ఎవరితో మొదలుపెట్టాలి

దొరికిన ప్రతి ఉత్తరాన్నీ పోగుచేయాలని బయలుదేరితే పని ఎటూ తేలదు. ఒక రచయితను ఎంచుకోండి. ఆయన ఎవరెవరికి రాసి ఉంటారో ఒక జాబితా వేసుకోండి. జాబితాకు కావలసిన పేర్లు ఆయన పుస్తకాల్లోనే దొరుకుతాయి. పీఠికలో కృతజ్ఞతలు చెప్పిన పేర్లు, పుస్తకం మొదట్లో అచ్చువేసిన అభిప్రాయాలు, కృతి అందుకున్నవారు, అభినందన సంచికలో వ్యాసాలు రాసినవారు, ఒకే సభలో పాల్గొన్నవారు, ఇవన్నీ ఉత్తరాల దారులే. ముఖ్యంగా అభిప్రాయాల పుటను శ్రద్ధగా చదవాలి. అక్కడ నాలుగు వాక్యాలుగా అచ్చయినది చాలాసార్లు పెద్ద ఉత్తరం నుంచి తీసుకున్న ముక్క. మెచ్చుకోలు అచ్చుకెక్కుతుంది, తప్పులు చూపిన భాగం ఇంట్లో ఉండిపోతుంది. సేకర్తకు కావలసింది ఆ రెండో భాగమే.

సభలు కూడా మంచి మొదలు. 1953లో అలంపురంలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు జరిగాయి. అలాంటి సభకు పిలుపులు, వస్తున్నామనీ రాలేమనీ జవాబులు, బస గురించీ బండి వేళల గురించీ ప్రశ్నలు, సభ ముగిశాక వచ్చే కృతజ్ఞతలు అన్నీ కాగితం మీదే నడిచిన రోజులు అవి. ఇటువంటి ఉత్తరాల్లో కవిత్వ చర్చ కనపడదని పక్కన పెట్టేయవద్దు. ఎవరు ఎవరిని ఎప్పుడు మొదటిసారి కలిశారో, ఎవరి మాట మీద ఎవరు వచ్చారో చెప్పేవి అవే.

జాబితా తయారయ్యాక ప్రతి పేరు పక్కనా ఊరు, తాలూకా, పాత జిల్లా, ఇప్పటి జిల్లా రాసుకోవాలి. 2016లో జిల్లాలు మారిన తరువాత సూర్యాపేట, భువనగిరి, నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల వేరుపడ్డాయి; నారాయణపేట 2019లో జిల్లా అయింది. కవరు మీద మహబూబ్‌నగర్ జిల్లా అని ఉన్న ఊరు నేడు రంగారెడ్డి, వికారాబాద్‌లతో కలిపి ఏడు జిల్లాల్లో ఎక్కడైనా ఉండవచ్చు. కృష్ణ ఒడ్డున మరో చిక్కు ఉంది. శ్రీశైలం జలాశయం కింద జటప్రోలు వంటి ఊళ్లు మునిగాయి. అక్కడి కుటుంబాలు తలో ఊరికీ తరలిపోయాయి. ఆ ఊళ్ల పండితుల కాగితాల కోసం వెతికేటప్పుడు ఊరిని పట్టుకోవడం కంటే వంశాన్ని పట్టుకోవడం మేలు: ఇంటిపేరు, గోత్రం, ఆడబిడ్డలను ఇచ్చిన ఊళ్లు, శిష్యుల పేర్లు అడుగుతూ పోవాలి. కొడుకుల ఇంట్లో లేని సందుగ కూతురి ఇంట్లో ఉండటం అరుదు కాదు. దత్తత వెళ్లినవారినీ మరచిపోవద్దు.

ఇంటికి వెళ్లినప్పుడు

ముందుగా తెలిసినవారి చేత మాట చెప్పించుకుని వెళ్లాలి. ఊరి బడిలో పనిచేసి రిటైరైన సారు, గ్రంథాలయంలో పనిచేసేవారు, గుడి పూజారి, వీరిలో ఒకరు వెంట ఉంటే తలుపు తెరుచుకుంటుంది. మాట మొదలుపెట్టేటప్పుడు ఉత్తరాల ధర ఎత్తకూడదు. అసలు ఉత్తరాల ప్రస్తావనకు ముందు ఆ పెద్దమనిషి గురించి అడగాలి. ఇంటి పెద్దామె, “మా మామ కాగితాలా బిడ్డా, అటుక మీద ఉన్నయి, సగం ఎలుకలు కొట్టినయి, ఇంకేం పనికొస్తయి” అంటుంది. పనికొస్తాయని ఆమెకు నమ్మకం కలిగించడం మీ పని. ఒక్క కార్డు తీసి, అందులో ఆమె మామగారి పేరు ఎంత గౌరవంగా రాశారో చదివి వినిపించండి. ఇంట్లోవాళ్లకు ఆ కాగితం విలువ తెలియడానికి అంతకంటే మంచి మార్గం నాకు తెలియదు.

సందుగ తెరిచాక చేయి పెట్టకముందు ఫోటో తీయాలి. ఏ కట్ట దేని పైన ఉన్నది, ఏ దారంతో కట్టారు, ఏ పుస్తకం మధ్యలో ఏ ఉత్తరం ఉన్నది అనే వరుసకు అర్థం ఉంటుంది. అందుకున్న మనిషి తానే కట్టిన కట్టను విప్పి తేదీల వారీగా పేర్చేస్తే చూడటానికి బాగుంటుంది కానీ, ఆయన ఆ ఉత్తరాలను ఏ కారణంగా ఒకచోట పెట్టుకున్నాడో ఇక తెలియదు. ఉన్న వరుసలోనే ఒక్కొక్కటీ తీసి, అదే వరుసలో అంకెలు ఇచ్చుకోవాలి. తేదీల వరుస కాగితాలను కదపకుండా పట్టికలో వేసుకోవచ్చు.

నేను చూసిన ఒక కార్డు గురించి చెబుతాను. నడుమ గింజంత రంధ్రం, దాని చుట్టూ గోధుమరంగు తుప్పు మచ్చ. వెనకటి ఇళ్లలో వచ్చిన ఉత్తరాలను గోడకు వేలాడే ఇనుప తీగకు గుచ్చేవారు. అది ఆ తీగ చేసిన రంధ్రం. సరిగ్గా అక్కడి అక్షరం పోయింది, కాబట్టి ఒక పుస్తకం పేరు సగమే కనిపిస్తున్నది. కార్డును కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటే కలం ఒత్తిడికి పడిన గీత తుప్పు అంచున కొద్దిగా కనబడి, మిగిలిన అక్షరం ఏదో తేలింది. అదే కార్డు చిరునామా వైపు పై మూల కత్తెరతో కత్తిరించి ఉంది. ఇంట్లో ఎవరో పిల్లవాడు స్టాంపుల కోసం కత్తిరించి ఉంటాడు. ఆ మూలతోపాటు తపాలా ముద్రలో తేదీ ఉండే భాగం పోయింది. అలాంటిది దొరికినప్పుడు పక్కన పారేయకుండా, అదే ఇంట్లో పాత స్టాంపుల పుస్తకం ఏమైనా ఉందా అని తప్పక అడగాలి.

ఆ ఇంట్లో ఇంకా చూడవలసినవి కొన్ని ఉన్నాయి. జవాబుల చిత్తుప్రతులు పాత లెక్కల పుస్తకాల వెనక పేజీల్లో ఉంటాయి. సంపాదకులు, వకీళ్లు తాము పంపిన వాటికి కార్బన్ కాపీ ఉంచుకునే అలవాటు ఉన్నవారు. మనియార్డరు ఫారం అడుగు ముక్క మీద రెండు మూడు వాక్యాల కబురు ఉంటుంది. పెళ్లి పిలుపు కార్డు వెనక రాసిన పద్యం కూడా ఉత్తరమే.

ఇంటివారు కాగితాలు ఇవ్వడానికి ఇష్టపడకపోతే పట్టుబట్టవద్దు. వారి ఇంట్లోనే కూర్చుని స్కాన్ చేసుకుంటామని చెప్పండి. పని అయ్యాక అన్ని ఉత్తరాల ప్రతులనూ ఒక పుస్తకంగా బైండు చేయించి వారికి ఇవ్వండి. తీసుకువెళ్లమని ఇస్తే, ఎన్ని ఇచ్చారో, ఏ షరతు మీద ఇచ్చారో, ఎప్పటిలోగా తిరిగి ఇవ్వాలో రెండు ప్రతుల్లో రాసి ఇద్దరూ సంతకాలు చేసుకోవాలి. బంధువుల మధ్య కూడా ఈ కాగితం ఉండాలి. అన్నదమ్ములు వేరుపడ్డ ఇంట్లో ఒకరు ఇచ్చినది ఇంకొకరికి తెలియకపోతే తరువాత వచ్చే మాటలు సేకర్త మీదికే వస్తాయి.

కొనడం గురించి

హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం నాడు కాలిబాట మీద పాత పుస్తకాలు అమ్ముతారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో పాత పేపర్ల దుకాణాలకు ఇళ్లు ఖాళీ చేసినవారి కాగితాలు తూకానికి వస్తాయి. దుకాణదారుకు చేతిరాత కాగితాలు వస్తే పక్కన పెట్టమని చెప్పి, తూకం ధర కంటే ఎక్కువ ఇస్తే ఆయన గుర్తుపెట్టుకుంటాడు. కొనేటప్పుడు ఒక నియమం పాటించండి: కట్టను విడగొట్టి పేరున్నవారివి మాత్రమే ఏరుకోవద్దు, మొత్తం కట్ట తీసుకోండి. ఎక్కడి నుంచి వచ్చిందో ఆరోజే అడిగి రాసుకోండి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతికి 75 ఏళ్లు నిండితే అది పురావస్తువుగా లెక్కకు వస్తుంది. అలాంటిదాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు, వాటితో వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి.

తేదీ తేల్చడం

మన ప్రాంతపు ఉత్తరాల్లో తేదీ అనేది ఒక విద్య. ఇంగ్లీషు తేదీ వేసినవారు ఉన్నారు, తెలుగు సంవత్సరం పేరు వేసినవారు ఉన్నారు, నిజాం రాజ్యపు ఫసలీ లెక్కలో సంవత్సరం వేసినవారు ఉన్నారు. తెలుగు సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకు ఒకసారి తిరిగి వస్తాయి కాబట్టి, “భావ” అని ఉంటే అది 1874–75 కావచ్చు, 1934–35 కావచ్చు, 1994–95 కూడా కావచ్చు. కాగితం, సిరా, స్టాంపు, విషయం చూసి ఏదో తేల్చాలి. సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది గనుక భావ సంవత్సర మాఘమాసపు ఉత్తరం 1935 మొదటి నెలలది అవుతుంది. ఇది చాలామంది ఒక ఏడాది వెనక్కి వేసే చోటు.

హైదరాబాదు రాజ్యంలో ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో ఆజూర్ నెలతో మొదలయ్యేది. తరువాత దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఆర్దిబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్ వరుసగా వస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఫసలీకి 590, జనవరి నుంచి మిగిలిన నెలలకు 591 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. 1343 ఫసలీ బహమన్ 10 అంటే 1933 డిసెంబరు నడుమ. అదే ఏడాది అమర్దాద్ అంటే 1934 జూన్. ఈ తేడా తెలియకపోతే జవాబు ముందూ ప్రశ్న వెనకా పడి, ఇద్దరు పెద్దమనుషుల మధ్య లేని తగవు మనమే కల్పించినట్లు అవుతుంది.

తేదీ వేయని ఉత్తరాలకు తపాలా గుర్తులే ఆధారం. నిజాం రాజ్యానికి తన సొంత టపా ఉండేది. దాని స్టాంపుల మీద ఉర్దూ, ఇంగ్లీషుతోపాటు తెలుగు, మరాఠీ కూడా ఉండేవి. ఆ స్టాంపు రాజ్యం లోపలే చెల్లేది. హద్దు దాటి రాజమండ్రికో బందరుకో వెళ్లే ఉత్తరానికి బ్రిటిషు ఇండియా స్టాంపు కావలసి వచ్చేది. మునగాల పరగణా నాలుగు వైపులా నిజాం రాజ్యమే ఉన్నా తాను మాత్రం బ్రిటిషు ఇండియాలోని కృష్ణా జిల్లాకు చెందేది. కనుక అక్కడి ఉత్తరాలనూ పక్కనే ఉన్న సూర్యాపేట ఉత్తరాలనూ ఒకే కంటితో చూడరాదు. 1950 ఏప్రిల్‌లో నిజాం టపా భారత తపాలాలో కలిసిపోయింది. ఇన్‌లాండ్ కవరు వచ్చింది 1950 అక్టోబరు 2న. అణాలు పోయి నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. పిన్‌కోడు మొదలైంది 1972 ఆగస్టు 15న. చిరునామాలో పిన్‌కోడు గడులు అచ్చయిన ఇన్‌లాండు కవరు మీద ఎవరైనా 1960ల తేదీ చెబితే నమ్మనక్కర లేదు.

కట్టలో ఖాళీలు కనిపించినప్పుడు వెంటనే స్నేహం తెగిందని రాయకండి. నల్లగొండ జిల్లాలో 1946 నుంచి 1951 వరకు సాయుధ పోరాటం సాగింది. అజ్ఞాతంలో ఉన్నవారు, వారితో సంబంధం ఉన్నవారు పేరూ ఊరూ వేసి ఉత్తరం రాసే కాలం కాదది. మారుపేర్లు, ఊరు లేని చీటీలు, మనిషి చేతికిచ్చి పంపిన కాగితాలు దొరికితే వాటిని స్టాంపు లేదన్న కారణంగా తక్కువ చేసి చూడవద్దు.

చేతిరాత

తెలుగు సాహిత్య లేఖల్లో మోసపు సృష్టి కంటే నకళ్లతోనే ఎక్కువ చిక్కు. గురువుగారు చెబుతుంటే శిష్యుడు రాసినవి, ఇంటికి వచ్చిన గొప్ప ఉత్తరాన్ని ఊళ్లో ఇంకొకరు అపురూపంగా ఎత్తిరాసుకున్నవి కట్టల్లో కలిసిపోయి ఉంటాయి. సంతకం ఒక చేతిది, పాఠం ఇంకొక చేతిది అయితే పట్టికలో అలాగే రాయాలి. నిశ్చయానికి రావాలంటే అదే రచయిత రాతకు తిరుగులేని నమూనా ఒకటి దగ్గర ఉండాలి. అది తేదీతో సహా తెలిసిన ఉత్తరం కావాలి. దాని పక్కన పెట్టి తలకట్టు, దీర్ఘం, ఒత్తులు, వరుసల వాలు, అంచు వదిలిన తీరు చూడాలి. పాత తరంవారు రేఫను వలపలగిలకగా అక్షరం పక్కన వేసేవారు, అరసున్నలూ బండి ఱలూ తప్పక పాటించేవారు; కొత్త తరం వాటిని విడిచింది. అయితే అదే మనిషి యౌవనంలో ఒక తీరున, వృద్ధాప్యంలో చేయి వణికినప్పుడు మరో తీరున రాసి ఉండవచ్చు కాబట్టి, పదేళ్ల ఎడం ఉన్న నమూనాతో పోల్చి తీర్పు చెప్పకూడదు.

ఉర్దూ చదవగల పెద్దవారి సాయం మన ప్రాంతంలో తప్పనిసరి. ఉర్దూ మీడియంలో చదివిన ఆ తరం రచయితలు తెలుగు ఉత్తరం మధ్యలో ఉర్దూ వాక్యం, చిరునామా మొత్తం ఉర్దూలో రాయడం మామూలు. అప్పటి బడుల్లో చదువుకున్నవారు ఇప్పుడు బాగా వయసు మళ్లినవారు. వారిని కలవడం వాయిదా వేయకండి.

భద్రపరచడం

తెచ్చిన కట్టను ముందు ఇంట్లోని మిగిలిన పుస్తకాలకు దూరంగా ఉంచి, చెదలు, పుస్తకాల పురుగులు ఉన్నాయేమో చూడాలి. మెత్తటి కుంచెతో దుమ్ము దులపాలి, తడి గుడ్డ తగలనివ్వరాదు. గుండుసూదులు, స్టేప్లర్ పిన్నులు, రబ్బరు బ్యాండ్లు తీసేయాలి. తుప్పు పట్టి అంటుకుపోయిన సూదిని లాగకుండా, రెండు పక్కలా సన్నటి గట్టి కాగితం దూర్చి మెల్లగా కదపాలి. మడత మీద చినిగితే సెలోటేపు వేయకూడదు. దాని జిగురు కొన్నేళ్లకు పసుపుపచ్చగా మారి కాగితంలోకి ఇంకిపోతుంది, సిరాను తినేస్తుంది. లామినేషన్ అంతకంటే కీడు. వేడికి కరిగి అంటుకున్న ప్లాస్టిక్‌ను కాగితం నుంచి మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. ఊళ్లల్లో గౌరవంతోనే ఉత్తరాలను లామినేట్ చేయించి గోడకు తగిలిస్తారు, వారికి నొచ్చకుండా చెప్పి ఆపాలి. గోడకు కావాలంటే స్కాన్ ప్రతిని ఫ్రేము కట్టించి ఇవ్వవచ్చు.

సిరా ఏదో తెలుసుకుని జాగ్రత్త పడాలి. నల్లగా రాసి ఇప్పుడు గోధుమరంగుకు తిరిగిన పాత సిరాలో ఇనుము ఉంటుంది, అది కాలక్రమంలో కాగితాన్ని కొరికి అక్షరాల ఆకారంలో చిల్లులు పెడుతుంది. అలాంటి ఉత్తరాన్ని పదే పదే మడవకూడదు. ఫౌంటెన్ పెన్ను నీలి సిరా నీటిచుక్కకే కరుగుతుంది. ఊదారంగు కాపీయింగ్ పెన్సిలు రాత తేమ తగిలితే పాకుతుంది.

ఉత్తరాలను మడత విప్పి, ఒక్కొక్కటి ఆమ్లరహిత కాగితపు ఫోల్డరులోనో పాలిస్టరు తొడుగులోనో ఉంచాలి. బజారులో దొరికే మామూలు పీవీసీ కవర్లు, పాలిథిన్ సంచులు వద్దు. కవరును పారేయకుండా ఉత్తరంతోపాటే పెట్టాలి. మన దగ్గర ఎండాకాలం వేడి నలభై డిగ్రీలు దాటి కాగితం పెళుసెక్కుతుంది, వానాకాలం తేమకు బూజు పడుతుంది. ఎండ తగిలే గోడకు ఆనించి ఇనుప అల్మారా పెట్టవద్దు. పెంకుటింట్లో అటక మీద అసలు వద్దు. గాలి ఆడే లోపలి గదిలో, నేలకు బాగా ఎత్తులో, గోడకు జానెడు ఎడంగా ఉంచాలి. 2000 ఆగస్టు వరదలో హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకి నీళ్లు చేరి అపురూపమైన పుస్తకాలు తడిసిపోయాయి. కింది అరలో విలువైనవి పెట్టకూడదనడానికి అది చాలు. నాఫ్తలీన్ ఉండలను కాగితానికి తగలనివ్వవద్దు. నెలకొకసారి పెట్టె తెరిచి చూసే అలవాటు మందులన్నింటికంటే మేలు.

స్కాన్ చేసేటప్పుడు రెండు వైపులా, కవరు రెండు వైపులా, ఖాళీగా ఉన్న పుటతో సహా, రంగుల్లో 400 డీపీఐకి (అంగుళానికి 400 చుక్కలకు) తగ్గకుండా చేయాలి. అసలు ఫైలును నాణ్యత తగ్గని టిఫ్ రూపంలో ఉంచుకుని, పంచడానికి చిన్నవి వేరుగా తయారు చేసుకోవాలి. ఫోనుతో తీయక తప్పకపోతే, కాగితాన్ని నీడ పట్టున పరిచి, పక్కన స్కేలు పెట్టి, నేరుగా పైనుంచి తీయండి. ఫైళ్లు రెండు చోట్ల ఉండాలి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉంటే మంచిది.

పట్టిక, ఎత్తిరాత

ప్రతి ఉత్తరానికి వెనక మూలలో మెత్తటి పెన్సిలుతో సన్నగా ఒక అంకె వేయాలి. పెన్ను, రబ్బరు ముద్ర తాకించరాదు. పట్టికలో ఎవరు, ఎవరికి, ఎక్కడి నుంచి, తేదీ ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు, తేల్చిన తేదీ వేరుగా, తపాలా ముద్ర, ఏ రకపు కాగితం, ఏ భాషలు, ప్రస్తావించిన మనుషులు, పుస్తకాలు, ఊళ్లు, ఎవరింట్లో దొరికింది అనే గడులు ఉండాలి. వీటన్నిటికంటే నేను ఎక్కువ పట్టించుకునే గడి ఇంకొకటి ఉంది: ఈ ఉత్తరం దేనికి జవాబు, దీనికి జవాబు ఏది. ఆ గడి ఖాళీగా ఉన్న ప్రతి చోటా వెతకవలసిన ఇల్లు ఒకటి ఉన్నదని అర్థం. పట్టిక నిండుతున్న కొద్దీ ఎక్కడికి వెళ్లాలో అదే చెబుతుంది.

ఎత్తిరాసేటప్పుడు దిద్దకూడదు. రచయిత “వ్రాసితిని” అంటే అలాగే, తెలంగాణ మాటలో “రాసిన” అంటే అలాగే ఉండాలి. చదవలేని మాట దగ్గర చుక్కలు, సందేహం ఉన్న మాటకు చదరపు కుండలీకరణాలు వాడి, కొట్టివేతలను కూడా చూపించాలి. మొదట్లోని “మ.రా.రా.శ్రీ” (మహారాజరాజశ్రీ), “ఉభయకుశలోపరి” వంటి మర్యాద వాక్యాలు అందరికీ ఒకటే కదా అని వదిలేయరాదు, “బ్రహ్మశ్రీ” నుంచి “సోదరా” దాకా సంబోధన మారిన క్రమంలోనే ఆ ఇద్దరి స్నేహం పెరిగిన తీరు కనిపిస్తుంది.

హక్కులు, అప్పగింత

ఉత్తరం కాగితంగా అందుకున్నవారిది, వారి తరువాత వారసులది. అందులోని రచన మీద హక్కు మాత్రం రాసినవారిది. కట్ట మీ చేతిలో ఉన్నంత మాత్రాన అచ్చువేసే అధికారం రాదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. ఆయన జీవితకాలంలో అచ్చుకాని రచన తరువాత మొదటిసారి వెలువడితే, ఆ వెలువడిన ఏడాది తరువాతి నుంచి 60 ఏళ్లు లెక్క. సురవరం ప్రతాపరెడ్డి 1953లో మరణించారు కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన రచనలకు హక్కు కాలం ముగిసింది. ఎక్కడో దొరికిన ఆయన ఉత్తరానికి అదే లెక్క వేసి ముందుకు పోకూడదు. ఇద్దరి ఉత్తరాలనూ కలిపి పుస్తకం వేయాలంటే రెండు కుటుంబాల నుంచీ రాతపూర్వకమైన అనుమతి తీసుకోవాలి.

చట్టం ఒప్పుకున్నా కొన్ని ఆపవలసినవి ఉంటాయి. అప్పులు, జబ్బులు, ఇంటి తగాదాలు, మూడో మనిషి మీద కోపంలో అన్న మాటలు ఉత్తరాల్లో ఉండనే ఉంటాయి. వాటిని చింపడం, సిరా పూయడం ఎంతమాత్రం చేయరాదు. ఆ ఉత్తరాలను వేరే కవరులో ఉంచి, ఫలానా సంవత్సరం వరకు ఎవరికీ చూపరాదని పైన రాసి, పట్టికలో అది ఉన్నదన్న సంగతి మాత్రం చెప్పాలి. అచ్చులో కొంత వదిలితే వదిలినట్టు తెలిపి తీరాలి.

సేకరణ ఒక మనిషి ఇంట్లో ఎంతో కాలం నిలవదు గనుక, చేతనైనప్పుడే అప్పగింత గురించి ఆలోచించాలి. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, సుల్తాన్ బజారులో 1901 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు, జిల్లా కేంద్ర గ్రంథాలయాలు, వీటిలో ఏదైనా కావచ్చు. ఇచ్చేముందు వెళ్లి, చేతిరాత కాగితాలను వారు ఏ గదిలో, ఎలాంటి పెట్టెల్లో ఉంచుతున్నారో చూడాలి. పాఠకుడిగా ఒక పాత కాగితం అడిగి, అది ఎంతసేపటికి చేతికి వస్తుందో గమనించాలి. అప్పగింత పత్రంలో నాలుగు మాటలు తప్పక రాయించుకోవాలి: ఇద్దరు రచయితల ఉత్తరాల జతను ఎన్నడూ విడదీయరాదు, ఇచ్చిన కుటుంబాల పేర్లు పట్టికలో ఉండాలి, ఆ కుటుంబాలకు ప్రతులు ఎప్పుడు అడిగినా ఇవ్వాలి, మూసి ఉంచిన కవర్ల గడువును పాటించాలి. పట్టిక ప్రతి ఒకటి వారికి ఇచ్చి, ఒకటి మీ దగ్గర, ఒకటి ఆ రచయిత సొంత ఊరి గ్రంథాలయంలో ఉంచండి.